అందరి వెనక

"మీరు ముందు నడవండి బాబాయ్. నేను మెల్లగా వస్తాను."

"కుదరదు. నా వెనక ఎవరూ ఉండకూడదు."

ఆ అమ్మాయి నవ్వి లేచింది. మొదటి మలుపు దగ్గర రాతి మీద తీరిగ్గా కూర్చుని కనిపించింది ఆయనకి. మిగతావాళ్ళంతా అప్పటికే చెట్లలో కలిసిపోయారు. పరుగు మొదలై అరగంట కాలేదు. అప్పుడే కూలబడిందంటే ఈ రోజు తన పని అయినట్టే అనుకున్నాడు.

కొండ మీది అభయారణ్యంలో ఏడాదికోసారి జరిగే పరుగు అది. అందరి వెనక వచ్చే మనిషిని తోక అంటారు. దారి గుర్తుగా చెట్లకి కట్టిన రిబ్బన్లు విప్పుకుంటూ, ఆఖరి మనిషిని ముందు పెట్టుకుని గేటు దాకా దించడం తోక పని. పదకొండేళ్ళుగా ఆయనే తోక. సాయంత్రం ఐదింటికి గేటు వేసెయ్యాలి, ఆ తర్వాత అడవి జంతువులది. నిరుడు మాత్రం ఆయన గేటు చేరేసరికి ఆరయింది.

ఈ పరుగు నడిపేది అల్లుడే. మొహం మీదే చెప్పాడు. "ఈసారి వయసులో ఉన్నవాళ్ళకి ఎవరికైనా ఇద్దాం మామయ్యా."

ఆయన అల్లుడితో మాటలు మానేశాడు. కూతురి ఫోనూ ఎత్తలేదు. భార్య ఉంటే సర్దిచెప్పేది. లేదు గనక మూడు నెలలు అలాగే గడిచాయి. చివరికి అల్లుడే వచ్చి, తోక వేసుకునే పసుప్పచ్చ చొక్కా బల్ల మీద పెట్టాడు.

"ఐదు దాటితే మళ్ళీ అడగను" అన్నాడు ఆయన. ఆ మాట మీదే వచ్చాడు.

ఇప్పుడు ఈ అమ్మాయి తగులుకుంది. ముప్పై దాటి ఉండవు. మెడ దాకా బిగించిన వానకోటు, వీపు మీద మూట లాంటి సంచీ.

"పరిగెత్తడానికి వచ్చి అంత బరువేమిటి? కాపురం పెడతావా ఇక్కడ?"

"దారిలో ఏం అవసరమొస్తుందో బాబాయ్."

ఎక్కుడు మొదలైంది. వేర్ల మీద నాచు, రాళ్ళ మీద తడి. ఆయనకి ఊపిరి బరువెక్కింది. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి ఆగి తల పైకెత్తింది.

"ఆ అరిచేది ఏ పిట్ట?"

ఆయన చెట్టుకి ఆనుకుని చెప్పాడు. ఇంకో వంద అడుగులెక్కాక మళ్ళీ ఆగింది. ఈసారి ఆ చెట్టు పేరు కావాలట. ఆ పైన పుట్టగొడుగుల సంగతి.

"ఇది పరుగనుకున్నావా, పాఠమనుకున్నావా?"

"తెలిసినవాళ్ళు దొరికినప్పుడే కదా అడగాలి."

కోపమొచ్చినా చెప్పాడు. ఇంట్లో ఆయన్ని ఏదైనా అడిగి చాలా కాలమైంది.

మధ్యలో ఆమె చెయ్యి చాపింది. అందులో రెండు రిబ్బన్లు.

"కింద పడ్డాయి బాబాయ్."

"గాలికి ఊడుంటాయి" అని లాక్కుని జేబులో కుక్కుకున్నాడు.

వాగు దాటేటప్పుడు ఆయన కాలు జారింది. పడకముందే ఆమె చెయ్యి మోచేతి కింద ఉంది. ఆ పట్టు ఆయనకి నచ్చలేదు.

"నిన్ను నేను పట్టుకోవాలి. నువ్వు నన్ను కాదు."

"సరే, తర్వాతి వాగులో నేను పడతాను లెండి."

అవతలి గట్టున ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తీసింది. తను ఒక గుక్క తాగి, సీసా మొత్తం ఆయనకిచ్చింది. ఆమెవి చెప్పులేం కావు, పరుగు బూట్లే. అడుగులు అరిగిపోయి ఉన్నాయి. పిక్కలు గట్టివి. ఆయాసం లేదు, చెమట కూడా అంతంతమాత్రం. గుండె జబ్బేమో అనుకున్నాడు. మొగుడితో పోట్లాడి వచ్చిందేమో అనుకున్నాడు. ఏదీ అతకలేదు.

మూడున్నరకి దిగుడు దారిలో ఉండబట్టలేక అడిగేశాడు.

"నిజం చెప్పు. ఈ కాళ్ళు పెట్టుకుని ఎందుకింత నెమ్మది?"

"కబుర్లు చెబుతూ నడవడం ఇష్టం."

"దానికి ఫీజు కట్టి మరీ రావాలా?"

"ఫీజు కట్టలేదు బాబాయ్. మీ అల్లుడు గారు రమ్మన్నారు."

అదీ సంగతి. సిఫార్సు సరుకు. ఊరికే వచ్చిన మనిషికి తొందరెందుకుంటుంది? తనకి ఇలాంటి దాన్ని అంటగట్టి, ఐదు దాటించి, చొక్కా విప్పించాలని అల్లుడి ఎత్తు. ఆయనకి మోకాళ్ళ నొప్పి మాయమైంది.

"నడు" అన్నాడు. "పిట్టల్లేవు, చెట్లు లేవు. నడు."

ఆమె సంచీ పట్టీలు బిగించుకుంది. ఆయన ఎంత జోరుగా దిగితే అంత జోరుగా దిగింది, ఎప్పుడూ రెండడుగులు ముందు, తల సగం వెనక్కి తిప్పి.

ఐదుకి పది నిమిషాలుందనగా గేటు కనిపించింది. కూతురు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. అల్లుడు మంచినీళ్ళతో పరిగెత్తుకొచ్చాడు.

"గడియారం చూసుకో" అన్నాడు ఆయన, మూడు నెలల తర్వాత అల్లుడితో మొదటి మాట. "ఎంత మొండి సరుకునిచ్చినా దించాను. వచ్చే ఏడు చొక్కా నాదే."

అల్లుడు ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"మీదే మామయ్యా."

ఆయన నీళ్ళు గటగటా తాగేసి, బల్ల దగ్గరికి నడిచాడు. ఆఖరి మనిషి వచ్చిన సమయం ఏటా తన చేత్తోనే రాస్తాడు. బల్ల వెనక కూర్చున్న పిల్ల కొత్తది, ఆయన్ని ఎరగదు.

"ఆ వానకోటు అమ్మాయి నంబరెంత? రాసెయ్యాలి."

పిల్ల పట్టీ తిప్పింది. "పరుగుకి వచ్చింది నూట నలభై మంది. నూట నలభయ్యో ఆయన మూడింటికే వచ్చేశారండీ."

"మరి ఆ అమ్మాయి?"

"ఆవిడకి నంబరెందుకుంటుందండీ" అంది పిల్ల, తలెత్తకుండానే. "ఈ ఏటి తోక ఆవిడే."