మెయిన్ స్విచ్ దగ్గర మనిషి

"ఏం తాతా, నేనేమన్నా దొంగతనానికి వచ్చానా?"

నిచ్చెన మీదున్న ఏసీ మెకానిక్ మెడ తిప్పి అడిగాడు.

ముసలాయన తెరిచి ఉన్న వీధి తలుపుకు అవతల, మెట్ల దగ్గర గోడకున్న మెయిన్ స్విచ్ డబ్బాను ఆనుకుని నిలబడ్డాడు.

ఆయన ఆ మేడ కింద ఒంటిగదిలో అద్దెకుంటాడు. ఏసీ మెకానిక్ సంచీ కనబడితే చాలు, వెనకాలే మెట్లెక్కి వచ్చేస్తాడు.

"పనీపాటా లేని మనిషి," అంది ఇంటావిడ. "మొన్న పక్క వాటాలో ఏసీ కడుగుతుంటే అక్కడా ఇంతే. గుమ్మం దగ్గర దిష్టిబొమ్మలా నిలబడ్డాడు."

మెకానిక్ నవ్వుకుంటూ ఏసీ మూత ఊడదీశాడు.

ఏసీ వేస్తే లోపల మోటారు మూలుగుతోంది గానీ బ్లోయరు తిరగడం లేదు. గాలి రావడం లేదు. వేలితో తిప్పి చూశాడు. గిర్రున తిరిగింది.

"బేరింగు బాగానే ఉందమ్మా. కాలిన వాసన కూడా లేదు. మోటారుకి మొదటి తోపు ఇచ్చేది కెపాసిటర్. అది పోయింది. మార్చేస్తే సరి."

"మెయిన్ ఆపారా బాబూ?" అన్నాడు ముసలాయన బయటినుంచి.

"ఆపకుండా చెయ్యి పెట్టడానికి నేను నీ కంటికి ఎలా కనబడుతున్నాను?"

"మీరు ఆపినా, ఎవరైనా మళ్లీ వేస్తారేమోనని."

"ఈ ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్లు తాతా. స్విచ్‌కి కాపలా అక్కర్లేదు."

ఇంటావిడ పకపకా నవ్వింది. ఆ నవ్వుతో మెకానిక్‌కి హుషారొచ్చింది.

"ఆయనలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు చెయ్యాడదమ్మా. పంపించెయ్యండి."

"విన్నారుగా. కిందికెళ్లండి," అందావిడ.

"పనయ్యేదాకా ఉంటానమ్మా. లోపలికి రానుగా."

"మా గుమ్మం ముందు నువ్వుండటమే నాకిష్టం లేదు. వెళ్లు."

మీరు కాస్తా నువ్వయ్యేసరికి ముసలాయన కదిలాడు. రెండు మెట్లు దిగి ఆగాడు.

"బాబూ, స్విచ్ మీద ఓ కన్నేసి ఉంచండి."

"ఓ కన్నేసి ఉంచండి," అని మెకానిక్ గొంతు వణికించి అనుకరించాడు. ఇంటావిడ నవ్వుతూనే వంటింట్లోకి వెళ్లింది.

ముసలాయన కిందికి దిగిపోయాడు.

అంతలో గదిలోంచి ఇంటావిడ కొడుకు బయటికొచ్చాడు. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో ఫోను. మీటింగ్ మధ్యలో నెట్ ఆగిపోయిందని చిరాకు. నిచ్చెన వంక తల కూడా ఎత్తకుండా తిన్నగా గుమ్మం దాటి, డబ్బా తెరిచి, స్విచ్ పైకెత్తాడు.

అప్పుడు మెకానిక్ వేళ్లు కెపాసిటర్ తీగల మీద ఉన్నాయి.

ఒక్కటే కేక. నిచ్చెన ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు.

కుర్రవాడు కొయ్యబారిపోయాడు. ఆ కేకకి ముసలాయన మెట్ల మీద పడుతూ లేస్తూ పైకొచ్చి, వాణ్ని తోసుకుని స్విచ్ కిందికి లాగాడు.

ఇంటావిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆమెకు కనబడింది ఒక్కటే, స్విచ్ మీద ముసలాయన చెయ్యి.

"నువ్వా?" అంది.

ముసలాయన కుర్రవాడి వంక చూశాడు. కుర్రవాడు ఫోను వంక చూసుకున్నాడు.

ముసలాయన మెకానిక్ పక్కన చతికిలబడి, కమిలిన ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"వేళ్లు కదులుతున్నాయా బాబూ? ముడవండి. ఒక్కసారి ముడిచి చూపించండి."

మెకానిక్ చెయ్యి విదిలించుకున్నాడు. "వెళ్లమన్నామని ఇంత కక్షా? చంపేసేవాడివి కదా."

"అవును బాబూ. ముందు వేళ్లు ముడవండి."

వేళ్లు ముడుచుకున్నాయి. అది చూసి ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"చేసిందంతా చేసి పైగా ఏడుపొకటి," అంది ఇంటావిడ.

ఆ వారంలోనే గది ఖాళీ చేయించింది. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

చెయ్యి నయమయ్యాక మెకానిక్ మళ్లీ పనిలో పడ్డాడు. ఓ రోజు కాలిపోయిన బ్లోయరు మోటారొకటి పట్టుకుని వైండింగ్ షాపుకి వెళ్లాడు. అక్కడ కూర్చుని, మోటార్లు చుట్టే పెద్దాయనకి ఈ కథంతా చెప్పాడు. ముసలాయన గొంతు కూడా అనుకరించి చూపించాడు.

రాగి తీగ చుడుతున్న పెద్దాయన చేతులు ఆగిపోయాయి.

"ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడా?"

"ఆ. నీకెలా తెలుసు బాబాయ్?"

"ఎక్కడున్నాడిప్పుడు?"

"ఎవడికి తెలుసు? పీడా పోయింది."

"నోర్ముయ్యరా," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "ఆ స్విచ్ ఎవరు వేశారో నాకు తెలీదు గానీ, ఆయన మాత్రం వెయ్యడు. చచ్చినా వెయ్యడు."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నావు?"

పెద్దాయన తీగ పక్కన పెట్టాడు.

"వాళ్లబ్బాయి నా దగ్గరే పని నేర్చుకున్నాడు. కరెంటు షాకుకే పోయాడు. వాడు సొంతింట్లో ఏసీ విప్పుకుని బ్లోయర్లో చెయ్యి పెట్టి ఉండగా, అప్పుడే బయటినుంచి వచ్చి, మెయిన్ దానంతటదే పడిపోయిందనుకుని మళ్లీ వేసింది ఆయనేరా."