ఒక్క చెడ్డ బొమ్మ

"ఒక్క బొమ్మ చెడగొట్టు నాన్నా. ఒక్కటే ఒక్కటి."

పోలీసుస్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని కూతురు పళ్లు బిగబట్టి అడుగుతోంది. పక్కన తండ్రి, ఫ్రేముల షాపాయన, నేలకేసి చూస్తున్నాడు.

"చెడగొట్టడానికి కూడా చెయ్యి తిరగాలమ్మా."

"ఇంకా ఆ పొగరేనా? నిన్న నా క్లాసు బోర్డు మీద ఎవరో నా బొమ్మ గీసి, కింద 'నకిలీ టీచర్' అని రాశారు. నేనే తుడుచుకుని లెక్కలు చెప్పాను. నిన్ను నాన్నా అనాలంటే తల కొట్టేసినట్టుంది."



చచ్చిపోయిన ఓ పెద్ద చిత్రకారుడి పేరు మీద ఏడు దొంగ బొమ్మలు ఫ్రేములాయన షాపులోంచి బయటికి వెళ్లాయి. ఫ్రేము కట్టమని ఎవరో ఇచ్చారు, మళ్లీ రాలేదు, ఇదీ కొనేవాళ్లకి ఆయన చెప్పిన కథ. పాత చెక్క, తుప్పు పట్టిన మేకులు, వెనకాల టీనీళ్ల మరక, అన్నీ అతికినట్టు కుదిరాయి. ఏడో బొమ్మలో నీలం రంగు కొంప ముంచింది. ఆ పెద్దాయన పోయిన పదేళ్లకు గానీ ఆ నీలం తయారే కాలేదు.

పోలీసులు షాపు మెట్టెక్కారో లేదో, "నేనే వేశాను" అనేశాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అడగనైనా లేదు.

"కాగితం మీద ఒప్పుకుంటే కోర్టులో నిలవదు. మా ముందు వేసి చూపించు" అని ఇన్‌స్పెక్టర్ మూడు రోజుల గడువిచ్చి, పూచీకత్తు మీద ఇంటికి పంపాడు.

ఆ మూడు రోజులూ ఇంట్లో బొమ్మల గది తలుపు మూసే ఉంది. అది పాత కట్టుబాటే. నాన్న పని చేస్తుంటే అమ్మ తప్ప ఎవరూ లోపలికి వెళ్లకూడదు. అమ్మ రంగులు నూరాలి, బ్రష్షులు కడగాలి. మొగుడు బొమ్మలేస్తే పెళ్లాం మసిగుడ్డ పట్టుకోవడం లోకంలో ఉన్నదే కదా, ఎవరు అడిగారు గనక! గోళ్లలో రంగు వదలని అమ్మ చేతి కింద, ఎనిమిదేళ్లకే కూతురు వంట నేర్చుకుంది.

ఈ మూడు రోజులూ మూసిన తలుపు వెనక అమ్మ గొంతు వినబడుతూనే ఉంది. "బిగుసుకుపోకండి... వదులుగా... మళ్లీ..." మొగుణ్ణి ఓదారుస్తోంది కాబోలనుకుంది కూతురు. అమ్మ మీద కూడా ఒళ్లు మండింది. దొంగకి ఓదార్పు ఒకటా!

స్టేషన్ లోపలి నుంచి పిలుపొచ్చింది.

కూతురు కిటికీ దగ్గర నిలబడి చూసింది. బల్ల మీద కాన్వాసు, రంగులు, ఏడో బొమ్మ. ఆ బొమ్మలో, తలుపు గడియ మీద వేసిన ఆడమనిషి చెయ్యి. గడియ తీయబోతోందో వేయబోతోందో తెలియదు, చూసినవాళ్లకి మాత్రం ఊపిరాడదు. ఎదురుగా మ్యూజియం నుంచి వచ్చిన నిపుణుడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"గంట టైము. ఈ చెయ్యే మళ్లీ వెయ్యి, కానివ్వు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఫ్రేములాయన వేశాడు. నుదుటి చెమట కాన్వాసు మీద పడుతోంది. తుడిచాడు, మళ్లీ వేశాడు, గీకేశాడు, మళ్లీ వేశాడు. గంట కొట్టేసరికి నిపుణుడు లేచి వచ్చి చూశాడు.

"ఇది చెయ్యా? చేతి తొడుగులో ఉల్లిపాయలు కుక్కినట్టుందే!"

ఇన్‌స్పెక్టర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "మా పిల్లి తోకతో గీసినా ఇంతకంటే నయం."

"ఇంకో గంట ఇప్పించండి బాబూ" అని చేతులు జోడించాడు ఫ్రేములాయన. "చెయ్యి వణికింది. ఈసారి వస్తుంది."

కిటికీ బయట కూతురు నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. ఏం నటన! ఏం నటన!

"ఇంకో గంటా? నువ్వు ఇంకో జన్మెత్తినా రాదు" అన్నాడు నిపుణుడు. "ఇతను కాదండీ. బ్రష్షు పట్టుకోవడమే తెలియదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపేశాడు. "పో ఇంటికి. అమ్మిన కేసు నీ మీద ఎలాగూ ఉంటుంది, కానీ పెద్ద శిక్ష బొమ్మ వేసినవాడికే. ఎవరికోసం నెత్తినేసుకున్నావో వాడి సంగతి మేం చూసుకుంటాం."

బస్సులో కూతురు తండ్రి భుజం మీద తల పెట్టింది. "నన్ను క్షమించు నాన్నా. ఇందాక నోటికొచ్చినట్టు వాగాను. నాకోసం నీ విద్యని నువ్వే చెప్పుతో కొట్టుకున్నావు." ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఇల్లు చేరేదాకా ఇటు తిరగలేదు.

తలుపు అమ్మ తీసింది. చేతిలో మసిగుడ్డ. గోళ్లలో నీలం.

"బతికి బయటపడ్డాం అమ్మా! నాన్న ఎంత బాగా చెడగొట్టాడో తెలుసా? వాళ్లు పగలబడి నవ్వారు!"

"నవ్వారా?" అంది అమ్మ. ఆమె మొహం పాలిపోయింది. రెండు చేతులూ మెల్లగా వీపు వెనక్కి పెట్టుకుంది. మొగుడి వైపు చూసింది.

ఆయన గుమ్మం దాటలేదు. చెప్పులు కూడా విప్పలేదు.

"చెప్పు నాన్నా! ఎలా చెడగొట్టావో నువ్వే చెప్పు అమ్మకి."

ఆయన తల ఎత్తలేదు.

"నేను చెడగొట్టలేదమ్మా, ప్రాణం పెట్టి వేశాను."