రెండు ఎలుగుబంట్ల మధ్య జెరెడ్

నాలుగు రోజులుగా టబితాకు కంటి మీద కునుకు లేదు. అడవి వీరుడు జెరెడ్ గుహలో ఇరుక్కుపోయాడు. ముందొక ఎలుగుబంటి, వెనకొక ఎలుగుబంటి. తుపాకీ ఏట్లో పడిపోయింది. శనివారం శనివారం వచ్చే కథల పుస్తకం పోయిన వారం అక్కడితో ఆగింది.

ట్రెంటన్ ఊళ్లో పిల్లలందరిదీ అదే బెంగ. నారింజ రంగు అట్ట మీద 'కెప్టెన్ హాక్' అన్న పేరే తప్ప, రాసేదెవరో ఎవరికీ తెలియదు.

నెల క్రితం టబితా పూటకూళ్లింట్లో ఒకాయన దిగాడు. తోలు కోటు, తోక వేలాడే బొచ్చు టోపీ. బల్ల మీది పుస్తకం చూసి, "ఇది మన రాతేనమ్మా" అన్నాడు. టబితా చేతిలోంచి గరిటె జారిపోయింది. ఆనాటి నుంచి కోడి తొడ ఆయనకే.

"కెప్టెన్ గారూ, జెరెడ్ ఎలా బయటపడతాడండీ?" అంది టబితా, ఆపిల్ కేకు వడ్డిస్తూ.

"శనివారం దాకా ఓపిక పట్టు తల్లీ."

"జెరెడ్ పోతే నేనూ పోయినట్టేనండీ."

"ఈయనకీ తెలీదేమో లెండి," అన్నాడు పక్క కుర్చీలోంచి తంతి ఆఫీసు గుమాస్తా బార్నబస్.

కెప్టెన్ మీసం అదిరింది. "తెలీకపోవడమేంటయ్యా? అది నాకు జరిగిందే."

"అయితే చెప్పండి మరి." టబితా రెండో ముక్క పెట్టింది. మూడోది చేత్తో పట్టుకుని నిలబడింది.

కెప్టెన్ ఆ ముక్కనే చూస్తూ బుర్ర గోక్కున్నాడు.

"ఏముంది, బూట్లు విప్పాడు."

"బూట్లా?"

"లోపల మేజోళ్లున్నాయిగా. రెండు నెలల అడవి నడక. ముందున్న దాని మూతి మీదొకటి, వెనకున్న దాని మూతి మీదొకటి విసిరాడు. రెండూ కళ్లు తేలేశాయి."

బార్నబస్‌కు కాఫీ ముక్కులోంచి వచ్చింది. "కోతలకైనా ఓ హద్దుండాలండీ."

టబితా మాత్రం నవ్వలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. "ముందు ఏ కాలిది విసిరాడండీ?"

"ఎడమది."

ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకు. పళ్లెం మొత్తం ఆయన ముందుకు తోసేసింది.

తర్వాత వంటింట్లోకి వెళ్లి, గడియ పెట్టుకుని, చేతికంటిన పిండి కడుక్కుని, తానే గుహలోకి తోసి బయటికి తీయలేక చస్తున్న జెరెడ్ చేత ఎడమ కాలి మేజోడు విప్పించడానికి కలం సిరాలో ముంచింది.