నవ్వులయ్య ఒడ్డెక్కిన రోజు

ఇలా దగ్గరికి జరగండి, ఫ్యాను చప్పుడులో మాట ఎగిరిపోతుంది. ఒక కోడలు, ఒక మామగారు, ఒక నీళ్ల తొట్టి. కథంతా ఇంతే.

కోడలు టైలరు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, చెయ్యి చాపితే అందేంత దూరంలో గాజు తొట్టి. అందులో ఒక ఆక్సలాటల్. చేపా కాదు, బల్లీ కాదు; నాలుగు కాళ్లుండీ నీళ్లు వదలని జీవి. మెడకి అటూ ఇటూ ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు. మూతి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది గనక నవ్వులయ్య అని పిలిచేది. గుడ్డులో నల్లచుక్కగా ఉన్నప్పటి నుంచీ తనే పెంచింది.

దాన్ని సాకడమంటే చంటిబిడ్డను సాకడమే. నీళ్లు వేడెక్కితే ఓర్చుకోదు. సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి తొట్టిలో వదలాలి. పంపునీళ్లు రోజంతా నిలవబెట్టి గాని పోయకూడదు. వానపాముల్ని ముక్కలు చేసి పెట్టాలి. అడుగున గులకరాళ్లు మాత్రం ఉండకూడదు. మూతి ముందు ఏది పడితే అది గుటుక్కున మింగడం ఒక్కటే దానికి తెలిసిన విద్య.

"తొట్టిలో ఒకడు, మంచంలో ఒకడు. నీకు ఇద్దరు పసిపిల్లలు" అని మొగుడు ఎగతాళి చేసేవాడు.

మంచంలో ఉన్నది మామగారు. ఒకప్పుడు లారీ డ్రైవరు, కాలు ఒకచోట నిలిచేది కాదు. ఈమధ్య కూర్చున్నచోటే కునుకు. ఎండలో కూడా శాలువా. మొహం ఉబ్బింది, మాట మందగించింది. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, గొంతు కింది గ్రంథి బద్ధకించిందని చిన్న తెల్ల మాత్ర రాశాడు. రోజూ పరగడుపున వేసుకోవాలి.

"బండికి ఏ రోగమూ లేదమ్మాయ్. హెడ్‌లైట్లే కాస్త డిమ్ము" అన్నాడు మామగారు. బుద్ధెరిగాక మాత్ర మొహం చూసిన మనిషి కాదు.

"డిమ్మైతే బాగుచేయించాలి కదా మామయ్యా. నోరు తెరవండి."

"నేనేమన్నా ఉగ్గుపాలు తాగేవాడినా? చేతిలో పెట్టు, వేసుకుంటాను."

అప్పటి నుంచి తెల్లారగానే మాత్రా, గ్లాసుడు నీళ్లూ చేతికిచ్చేది. ఆయన వెళ్లి తొట్టి పక్క కుర్చీలో కూర్చుని, నవ్వులయ్యతో కబుర్లాడుతూ ఆ పని కానిచ్చేవాడు. కొన్నాళ్లకి ఆ శాలువా కనబడితే చాలు, నవ్వులయ్య గాజు దగ్గరికొచ్చి మూతి పైకెత్తేది.

"చూశావా, పెంచింది నువ్వు, ప్రేమ నా మీద" అనేవాడు. కోడలికి ఓ మూల ముచ్చట, ఓ మూల కుళ్లు.

ఆ తర్వాత మొదలైంది అసలు గొడవ. నవ్వులయ్య మొప్పలు కురచబడసాగాయి. తోక అంచు కరిగిపోయింది. కళ్లు ఉబ్బెత్తుగా పైకొచ్చాయి. పుట్టినప్పటి నుంచీ అడుగున తాపీగా పడుండేది కాస్తా పైకీ కిందికీ ఒకటే పరుగు. గాజుకి మూతి కొట్టుకునేది.

కోడలికి చెయ్యి ఆడలేదు. ఎవరిదో చొక్కాకి చేతులు తిరగేసి అతికించింది. సూది విరిచింది. రెండు కుట్లు వేయడం, లేచి తొట్టిలోకి చూడడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. నీళ్లు మార్చింది. వానపాములు తెచ్చే చోటు మార్చింది. తొట్టినే చల్లటి మూలకి మార్చింది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే తన నీడే తనకి అడ్డొచ్చేది.

ఇటు చూస్తే మామగారు. మందు మొదలెట్టినా మగతలోకే జారుతున్నాడు. డాక్టరు నొసలు ముడిచి మోతాదు పెంచాడు. "ఇదీ పనిచేయకపోతే గుండె మీదికొస్తుంది. ఆసుపత్రిలో చేర్చాల్సిందే" అన్నాడు.

ఇంకొన్నాళ్లకి, ఓ పొద్దున లేచేసరికి తొట్టి ఖాళీ. కోడలు మంచాల కింద, బీరువా వెనక, బూట్లలో, బకెట్లలో వెతికింది. చివరికి మిషను కింద, గుడ్డపీలికల మధ్య కనబడింది నవ్వులయ్య. మొప్పలు ఒక్కటీ లేవు. నేల మీద పడి గాలి గుటకలు మింగుతోంది.

"పోతోంది మామయ్యా, నా కళ్లముందే పోతోంది. నేనేం తక్కువ చేశానో తెలియడం లేదు."

మామగారు దాన్ని చూశాడు, కోడల్ని చూశాడు. "పద, నేనూ వస్తాను" అని శాలువా సర్దుకున్నాడు. ఆయన్ని ఒంటరిగా వదలడానికీ లేదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

డాక్టరమ్మ తడిగుడ్డ విప్పి, తిప్పి తిప్పి చూసింది.

"పోతోందని ఎవరన్నారమ్మా? ఇది పెద్దదవుతోంది."

"పెద్దదవడమేంటండీ? పెద్దదేగా?"

"ఈ జాతి ముసలైపోయినా పిల్ల రూపంలోనే, నీళ్లలోనే ఉండిపోతుంది. ఇది మొప్పలు వదిలేసి ఒడ్డెక్కింది. దానంతట అదే ఇలా మారడం చాలా అరుదు." డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ నవ్వింది. "మనుషులకి గొంతు గ్రంథి మందగిస్తే ఇస్తారు చూడండి, ఆ మందు రోజూ కడుపులో పడితే మాత్రం మారుతుంది. మీ ఇంట్లో దానికి అలాంటిదెవరు పెడతారు లెండి."

బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న మామగారు గబుక్కున కళ్లు తెరిచి, ఎదురుగోడ మీది క్యాలెండరును మహా శ్రద్ధగా చదవసాగాడు.

విన్నది విన్నట్టు మనసులో పెట్టుకోండి, రేపు మీరూ ఎవరికైనా చెబుదురుగాని. చెప్పేటప్పుడు ఈ ఒక్క మాటా ముందే జారవిడవకండి: మొదటి రోజు నుంచీ ఆ తెల్ల మాత్రను పరగడుపున, ఒక్క పూట తప్పకుండా మింగింది నవ్వులయ్యే.