రెండు కిట్లు, ఒకే వంటవాడు

మంచం పట్టిన భార్య పక్కన మందులు జరిపి గిన్నె పెట్టాడు లారీ డ్రైవరు.

"నిన్న సూపర్ మార్కెట్లో కొన్న వంట సరుకుల కిట్‌తో వండాను. ఇవాళ ఇంటికొచ్చిన కిట్‌తో. ఏది బాగుందో చెప్పు."

ఆవిడ చెంచా ముట్టుకోలేదు.

"ఇంటికొచ్చేదే తెప్పించుకోండి."

"రుచి చూడకుండానే తీర్పా?" నవ్వాడు.

ఆవిడ దిండు కింద నుంచి కాగితం తీసింది. దాని మీద పెన్సిల్ గీతలు.

"నిన్న వంటింట్లోంచి నన్ను తొమ్మిదిసార్లు పిలిచారు. ఉప్పెంత, మంటెంత, మూత పెట్టాలా అని వీధంతా వినేలా. ఇవాళ రెండుసార్లే. ఇవాళ్టి కిట్‌లో అన్నీ కొలిచి పెట్టారు, ఎలా వండాలో కార్డూ ఉంది."

"అయితే ఏంటి? పిలిస్తే పలకడానికి నువ్వున్నావుగా!"

ఆవిడ కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది.

"ఒక్కరికి సరిపడా కూడా పంపుతారేమో కనుక్కోండి."