అంటీముట్టని మనిషి

"అక్కడే ఆగమ్మా! ఇంకో మెట్టు ఎక్కకు!"

మేడ మీద గదిలోంచి వచ్చిన ఆ అరుపుకి, కాఫీ పట్టుకెళ్తున్న ఇంటావిడ కూతురు ఉలిక్కిపడి గ్లాసు వదిలేసింది.

కింద ఇంటావిడకి ఒళ్లు మండింది.

గది అద్దెకిచ్చి వారం కాలేదు, ఆ పెద్దాయన ప్రాణం తోడేస్తున్నాడు. పక్క దులపనివ్వడు. తిన్న కంచం తనే కడుక్కుంటాడు. బాత్రూంకి వెళ్తే చాలు, ట్యాంకు ఖాళీ అయ్యేలా నీళ్లు వదులుతాడు. పలకరిస్తే వెనక్కి జరుగుతాడు.

"ఏమండీ, మేమేమైనా అంటురోగాలవాళ్లమా?" అంటూ మెట్లెక్కింది.

ఆయన మెడకి చుట్టుకున్న గుడ్డ సర్దుకున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాంతి ఆపుకుంటున్న కూతుర్ని చూశాడు.

"అమ్మాయి కడుపుతో ఉందా?"

"ఉంటే?"

"గది తీసుకునే రోజు అడిగితే, అలాంటివాళ్లెవరూ లేరన్నారే!"

"ఊరంతా చాటింపు వేయాలా? ఎన్నో ఏళ్లకి నిలిచిన కడుపు. దిష్టి తగలకూడదని దాచుకున్నాం. మీకెందుకు?"

"తెలిస్తే ఈ గదే తీసుకునేవాణ్ని కాదు."

ఆమె ఓపిక నశించింది.

"కడుపుతో ఉన్న పిల్ల అంత చేదైపోయిందా? సామాను సర్దుకోండి! మీవాళ్లు మిమ్మల్ని ఎందుకు వదిలించుకున్నారో ఇప్పుడర్థమైంది."

ఆయన కప్పుకున్న దుప్పటీ మూటగట్టుకున్నాడు. కూతురు లోపలికి వెళ్లేదాకా ఆగి, మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయాడు.

పీడ విరగడైందనుకుంది ఇంటావిడ.

మర్నాడు ఆస్పత్రి నర్సు వచ్చింది.

"మేడ మీదాయన ఉన్నారా? పరీక్షకి రాలేదు. ఫోనూ ఎత్తడం లేదు."

"పంపించేశాను తల్లీ! కడుపుతో ఉన్న పిల్లని కసురుకుంటాడా? మనిషేనా?"

నర్సు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మెడలో గడ్డకి రేడియేషన్ మందు మింగించామండీ. కొన్నాళ్లు ఆయన ఒంట్లోంచే రేడియేషన్ వస్తుంది. పసిపిల్లలకీ, గర్భిణులకీ దూరంగా ఉండమన్నాం."

ఇంటావిడ గదిలో ఉన్న కూతురి వైపు తిరిగింది. "అయ్యో, మా అమ్మాయి!"

"దగ్గరికి రానిచ్చారా?"

"ఒక్కసారి కూడా రానివ్వలేదు."

"అయితే భయం లేదండీ."

ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్పిన చోటల్లా గది లేదన్నారట."

"మరి ఎక్కడికి పోయుంటారు? ఇంటికేమైనా..."

"ఇల్లు పక్క వీధే, కానీ ఇన్నాళ్లూ అటు తొంగి చూడలేదు. అక్కడ ఆయన కూతురు నెలలు నిండి ఉందండీ."