ఏడో బిళ్ళ

రొయ్యలు ఒలిచి ఒలిచి వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళ కోసం, ఫోనులో ఉచితంగా దొరికే పియానో ఆటని కంపెనీవాళ్ళు గేటుకి తగిలించి మూడేళ్ళయింది. పైనుంచి రాలే నల్ల బిళ్ళలను పాటకి తగ్గట్టు తాకాలి. ఏ ఇద్దరి తాళమూ ఒకలా ఉండదు కాబట్టి, మనిషెవరో పోల్చుకుని గేటు తెరుచుకుంటుంది.

మంగతాయారు ఎప్పుడూ ఏడో బిళ్ళ దగ్గర తడబడేది. చేయి మందగించినవాళ్ళని తీసేస్తారని పుకారు పుట్టాక ఆమెకి అన్నం సయించలేదు. సరుకు లేక కంపెనీ మూసిన నెల రోజులూ పొయ్యి దగ్గర కూడా ఫోను పట్టుకుని అదే సాధన.

కంపెనీ మళ్ళీ తెరిచిన ఈ ఉదయం ఒక్క తప్పూ లేకుండా వాయించింది. గేటు కదల్లేదు.

“నువ్వు మంగతాయారువి కాదంటందక్కా,” అన్నాడు గేటు కాసే సూరిబాబు, తెర చూసి. “ఆవిడకి ఏడో బిళ్ళ కాడ వేలు ఆగుద్దంట.”

“నేనే కదరా. రోజూ చూత్తానే ఉన్నావు కదా.”

“నేను చూత్తే సరిపోద్దా? ఇంకొక్కసారే ఉంది. అదీ పోతే పేరు కొట్టేత్తది. ఎప్పట్లాగే తప్పు వాయించు.”

ఎప్పట్లాగే అంటే ఎలా? ఎంతసేపు ఆగేదో ఆమెకి గుర్తు రాలేదు. వెనక నిలబడ్డ వీరవేణి వైపు తిరిగింది.

“నేనెలా తప్పేదాన్నే?”

“నీ తప్పు నాకేం తెలుసు వదినా.”

పాట మొదలైంది. ఆరు బిళ్ళలు దాటాయి. ఆగు, ఆగు అని వేలిని బతిమాలుకుంది. వేలు ఏడో బిళ్ళ మీద ఠంచనుగా పడింది.

తెర నిండా మూడు నక్షత్రాలు మెరిశాయి. శభాష్ అంది ఆట.

గేటు మూసే ఉంది.